చొక్కాల మామయ్య

ఆమెకు కంగారమ్మ అని పేరు పెట్టింది కట్టుకున్నవాడే. పెట్టి తప్పు చేశాడనడానికి లేదు. పొయ్యి ఆర్పానో లేదో చూడటానికి మెట్లన్నీ దిగినాక మళ్ళీ ఎక్కి వచ్చే మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆవిడా ఊరుకునే రకం కాదు. ఇల్లు తగలబడుతోందన్నా చెప్పులు వెతుక్కుని, తొడుక్కుని, అప్పుడు బయల్దేరే ఆ మహానుభావుడికి నిదానం అని తిరుగు పేరు తగిలించింది. వీళ్ళిద్దరికీ పుట్టిన పిల్ల పిచ్చుక. మూడో ఏడు నడుస్తోంది. ఆ పేరు ఎందుకొచ్చిందో దాని చేతులు చూస్తే తెలుస్తుంది, దాని కంచం చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

దేశం కాని దేశంలో, ఒక పాత బిల్డింగు పై అంతస్తులో రెండు గదుల కాపురం వీళ్ళది. అతను గోడౌన్లో పెట్టెలెత్తే బండి నడుపుతాడు. ఆమెది లాండ్రీలో పని. ఇంటి బట్టలుతికే చిన్న కొట్టు కాదది. ఊళ్ళో ఉన్న ఆస్పత్రులూ, రైల్వేవాళ్ళూ, కాపలా కంపెనీలూ, అందరి యూనిఫాంలూ అక్కడికే వచ్చి పడతాయి. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఊడిన బొత్తాలు కుట్టి హేంగర్లకు తగిలిస్తే, తల పైన ఉన్న ఇనప పట్టా మీద ఆ చొక్కాలన్నీ వరస కట్టి, లోపల మనుషుల్లేకుండానే డ్యూటీకి బయల్దేరినట్టు కదిలిపోతుంటాయి. కంగారమ్మ బల్ల ఆ పట్టా మలుపు తిరిగేచోట ఉంది. పొద్దస్తమానం ఆవిరీ, ఇస్త్రీ వాసనా, నెత్తి మీద చొక్కాల ఊరేగింపూ.

ఇక పిచ్చుక తిండి సంగతంటారా, అదో పెద్ద పురాణం. ముద్ద నోట్లో పెడితే దవడలో దాచుకుని అలా కూర్చునే ఉంటుంది. కిటికీలోంచి కాకిని చూపించాలి, ఫోనులో బొమ్మలు చూపించాలి, తండ్రి గుర్రమై గది చుట్టూ తిరగాలి. గుర్రానికి మోకాళ్ళు కొట్టుకుపోయేవి గానీ ముద్ద మాత్రం దిగేది కాదు. మొన్న ఆస్పత్రిలో బరువు చూసిన నర్సు, "సెలవులయ్యాక మళ్ళీ తీసుకురండి. అప్పటికీ పెరగకపోతే మావాళ్ళు ఒకసారి మీ ఇంటికి వచ్చి చూసి వెళ్తారు" అంది. చాలా మర్యాదగానే అంది. ఆ మర్యాదే కంగారమ్మ కొంప ముంచింది.

ఇంటికి రావడమంటే ఏమిటో ఆమెకు లాండ్రీలో ఎప్పుడో చెప్పారు. పక్క బల్ల ఆవిడ, ఈమెలాగే ఎక్కడినుంచో వచ్చిన మనిషి, గొంతు తగ్గించి చెప్పింది. ఇక్కడ పిల్లలకి తిండి సరిగ్గా పెట్టకపోయినా, కొట్టినా, బెదిరించినా ఆఫీసర్లు వచ్చి పిల్లల్ని తీసుకుపోతారట. అలా ఎవరి పిల్లల్ని తీసుకుపోయారో ఆవిడకీ తెలీదు. ఎవరో చెప్పారట, వాళ్ళకింకెవరో చెప్పారట. భయానికి సాక్ష్యాలతో పనేముంది? ఆ రోజు నుంచి మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, కంగారమ్మకు పై ప్రాణాలు పైనే పోయేవి.

అలా ఉండగా ఒకరోజు పిల్లల్ని చూసుకునే సెంటరు మూసేశారని పిచ్చుకను లాండ్రీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మధ్యాహ్నం భోజనం వేళ బల్ల కింద కూర్చోబెట్టి అన్నం పెడుతోంది. పిచ్చుక పెదవులు బిగించేసింది. బతిమాలింది, ముద్దులు పెట్టింది, కసిరింది. ఊహూ! సరిగ్గా అప్పుడే పైన పట్టా గరగరమని కదిలింది. కాపలావాళ్ళ ఆరెంజ్ చొక్కాలు చేతులు ఊపుకుంటూ మలుపు తిరిగి వాళ్ళ వైపే వచ్చాయి. కంగారమ్మ నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"అదుగో, చొక్కాల మామయ్య! అన్నం తినని పిల్లల్ని సంచీలో వేసుకుని పట్టుకుపోతాడు. మింగు, మింగు!"

పిచ్చుక పైకి చూసింది. గుటుక్కున మింగేసింది. ఇంకో ముద్ద, ఇంకో గుటుక్కు. డబ్బా ఖాళీ! కంగారమ్మకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఆ రాత్రే ఫోనులో అక్కకు చెప్పుకుంది. అక్క పడీ పడీ నవ్వింది. "నిన్ను మాత్రం ఎలా పెంచామనుకున్నావే? గోనెసంచీవాడు వస్తున్నాడంటే చాలు, చారన్నం కూడా కళ్ళు మూసుకుని మింగేదానివి. ఏం, చచ్చావా? బండలా ఉన్నావు! భయం లేనిదే పిల్లలకి ముద్ద దిగదమ్మా" అంది. అక్క మాటంటే కంగారమ్మకు శిలాశాసనం. ఇక మొదలెట్టింది. పొద్దున చొక్కాల మామయ్య, మధ్యాహ్నం చొక్కాల మామయ్య, సాయంత్రం చొక్కాల మామయ్య. పార్సిలు ఇచ్చేవాడు యూనిఫాంలో తలుపు తడితే పిచ్చుక మంచం కిందకు దూరిపోయి, దొరికింది ఏదైనా నోట్లో కుక్కుకునేది. అతను పోయాక, "మామయ్య వెళ్ళిపోయాడు, రా తల్లీ" అని తల్లి నోటితో చెబితే తప్ప బయటికి వచ్చేది కాదు. ఇదంతా చూసి మొగుడూ పెళ్ళాం కడుపు పట్టుకుని నవ్వేవారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు గానీ, ఇక్కడ పండింది మాత్రం వేరే పంట.

సెలవులు వచ్చాయి. పరాయిదేశంలో ఉన్నవాళ్ళ పండగల బాధ మీకు తెలిసిందేగా. మన పండగలకు సెలవుండదు, వాళ్ళ పండగలకు పనుండదు. మనది ఏ వారం వచ్చినా బుద్ధిగా ఆదివారం దాకా ఆగాల్సిందే. వాళ్ళది వచ్చినప్పుడు ఊరు ఊరంతా తాళాలేసుకుని చుట్టాల దగ్గరకు పోతుంది. వీళ్ళకు పోవడానికి చుట్టాలేరీ? కిటికీలోంచి ఖాళీ వీధిని చూస్తూ కూర్చోవడమే. ఈసారి మాత్రం లాండ్రీకీ గోడౌన్‌కీ ఒకేసారి సెలవు దొరికింది. "సరస్సు దగ్గరికి పోదాం. పడవెక్కుదాం. దానికి కొత్త గౌను వేద్దాం. గాలి తగిలితే ఆకలేస్తుంది" అన్నాడు నిదానం. ఆకలి అన్న మాటకు కంగారమ్మ ఒప్పుకుంది. సెలవులవగానే బరువు చూపించాలి కదా మరి.

ఆమె సర్దిన సామాను చూసి అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "పడవెక్కడానికి పోతున్నామా, పిల్లని అత్తారింటికి పంపుతున్నామా?"

"జ్వరమొస్తే? వాన పడితే? రైలు ఆగిపోతే? మీకేం, మీరు చేతులూపుకుంటూ వస్తారు."

"పరిగెత్తి పాలు తాగేకంటే..."

"నిలబడి నీళ్ళు తాగండి. నాకు తెలుసులెండి. లేవండి ముందు, రైలు పోతుంది!"

రైల్లో టికెట్లు చూసే ఆయన వచ్చాడు. నీలం కోటు, ఇత్తడి బొత్తాలు. పిచ్చుక తల్లి కోటు కింద దూరి, చేతిలోని బిస్కెట్టు మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకుంది. పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నోరు మూసుకుని నమిలింది తప్ప కిక్కురుమనలేదు. ఆయన ముచ్చటపడి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఈసారి నిదానం నవ్వలేదు.

"ఇది మరీ ఎక్కువైందేమోనే."

"తింటోందా లేదా?" అంది కంగారమ్మ. అందే గానీ, పిల్ల వీపు నిమురుతున్న చేతికి ఆ చిన్న గుండె దడదడ తెలుస్తూనే ఉంది. చూసీ చూడనట్టు ఊరుకుంది.

సరస్సు దగ్గర జనమే జనం. సెలవంటే ఎలా ఉండాలో అలా ఉంది. పడవల రేవు దగ్గర తాళ్ళు కట్టారు, గట్టు మీద బెంచీలు వేశారు, కాస్త పక్కగా చలికాలానికి మడిచేసిన కుర్చీలను గుట్టలుగా పేర్చి పైన టార్పాలిన్ కప్పారు. నీళ్ళు గట్టు అంచు దాకా వచ్చి ఊరికే తడుతున్నాయి. కంగారమ్మ కళ్ళు ఆ అంచు మీదే ఉన్నాయి. పిచ్చుక గౌను అంచు తన వేలికి చుట్టుకుని మరీ నడిచింది. నిదానం పడవ టికెట్ల క్యూలోకి వెళ్ళాడు. ఆమె బెంచీ మీద కూర్చుని స్టీలు డబ్బా తీసింది. పెరుగు కలిపిన అన్నం, మెత్తగా పిసికి తెచ్చింది.

పిచ్చుక చూపంతా పడవల మీద ఉంది. నోరు తెరిస్తేనా! రెండు ముద్దలు ఉమ్మేసింది. కొత్త గౌను పాడైంది. కంగారమ్మకు ఓపిక అయిపోయింది. చుట్టూ చూసింది. రేవు దగ్గర ఆరెంజ్ చొక్కాలో ఒక కుర్ర గార్డు నిలబడి ఉన్నాడు.

"అదుగో, చొక్కాల మామయ్య! చూస్తున్నాడు. సంచీ కూడా తెచ్చాడు. తింటావా, పిలవనా?"

ఖర్మ చూడండి. ఇన్నాళ్ళూ ఆ మామయ్య చూసి పోయేవాడే గానీ పిల్ల దగ్గరికి వచ్చేవాడు కాదు. ఇవాళ నిజంగానే వచ్చాడు. వీళ్ళ స్ట్రోలర్, అదే పిల్లని తోసుకెళ్ళే బండి, దారికి అడ్డంగా ఉందని చెప్పడానికి వచ్చిన ఆ కుర్రాడు, పిల్లను చూసి నవ్వి, ఒంగి, రెండు చేతులూ చాపాడు. ఎంత మంచివాడో పాపం! కంగారమ్మ డబ్బా బెంచీ మీద పెట్టేసి లేచి, అతనూ ఓ చెయ్యి వేయగా స్ట్రోలర్ పక్కకు లాగుతూ, వచ్చీరాని ఆ భాషలో క్షమించండి, సరే, సరే అంటూ తడబడింది. మాటల కోసం వెతుక్కునేటప్పుడు ఆమెకు లోకం కనబడదు.

తిరిగి చూసేసరికి బెంచీ మీద పిల్ల లేదు.

ముందు బెంచీ కింద చూసింది. తర్వాత నీళ్ళ వంక చూసింది. గట్టు అంచుకు పరుగెత్తి వంగింది. నీళ్ళు ఎప్పటిలాగే తడుతున్నాయి, ఏమీ ఎరగనట్టు. "పిచ్చుకా! ఒసేయ్ పిచ్చుకా! నా తల్లీ!" అని కొండంత రాగం తీసి ఏడ్చింది. క్యూలోంచి నిదానం ఆ కేక విన్నాడు. జన్మలో పరుగెత్తని మనిషి జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

కుర్ర గార్డు వాకీటాకీలో ఏదో చెప్పాడు. నిమిషాల్లో రేవు నిండా ఆరెంజ్ చొక్కాలే. ఇద్దరు పడవలో నీళ్ళలోకి వెళ్ళారు, కర్రలతో గట్టు కింద తడుముతున్నారు. ఆ కర్రలు చూసి కంగారమ్మ అక్కడే కూలబడింది. మైకులో పిచ్చుక అసలు పేరు వాళ్ళ యాసలో మోగింది. సెంటర్లో తప్ప ఎవరూ పిలవని పేరది. మిగతావాళ్ళు ఆ పేరే అరుస్తూ బెంచీల మధ్య, చెట్ల వెనక వెతుకుతున్నారు. "ఇంకా పిలవండి, ఇంకా మనుషుల్ని పిలవండి" అని కంగారమ్మ కనిపించిన చొక్కానల్లా పట్టుకుని బతిమాలింది. వాళ్ళూ పిలిచారు. ఇంకో బండి నిండా వచ్చి దిగారు.

బెంచీ దగ్గరకు వచ్చి నిదానం సంచీ ఎత్తాడు. "డబ్బా ఏదీ?" అన్నాడు.

"ఏ డబ్బా?"

"అన్నం డబ్బా."

కంగారమ్మ బెంచీ వంక చూసింది. డబ్బా లేదు. డబ్బా నడిచిపోదు కదా! నీళ్ళలోకి పోయే పిల్ల అన్నం డబ్బా ఎందుకు పట్టుకుపోతుంది? ఒక్క క్షణం ఊపిరి ఆడింది. మరుక్షణం మంచం కింద నక్కి నోట్లో కుక్కుకునే పిల్ల కళ్ళ ముందుకు వచ్చింది. రైల్లో కోటు కింద దడదడలాడిన గుండె చేతికి మళ్ళీ తగిలింది. చుట్టూ చూసింది. ఎటు చూసినా ఆరెంజ్ చొక్కాలే, ఎవరి నోట విన్నా దాని పేరే. అది ఎక్కడో దాక్కుని ఇదంతా చూస్తోంది. చొక్కాల మామయ్యలందరూ సంచీలు పట్టుకుని తన కోసమే వచ్చారు. ఇంకెందుకు బయటికి వస్తుంది? ఇంకా లోపలికి, ఇంకా లోపలికి పోతుంది. గట్టు చివరి దాకా పోతుంది.

"ఏమండీ, వీళ్ళని వెతకొద్దని చెప్పాలి."

"మతి పోయిందా నీకు?"

"దాన్ని భయపెట్టింది నేనే కదండీ! వీళ్ళు వెతికినంతసేపూ అది రాదు. వీళ్ళకి చెప్పాలి, నేను ఏం చెప్పి అన్నం పెట్టానో చెప్పాలి."

నిదానం మొహం పాలిపోయింది. ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "నీకు పుణ్యముంటుంది, ఆ మాట మాత్రం చెప్పకు. ముందే బరువు తక్కువని రాసుకున్నారు. పిల్లని బెదిరించి తినిపిస్తామని మన నోటితో మనమే చెబితే ఊరుకుంటారా? పట్టుకుపోతారే!"

"పట్టుకుపోవడానికైనా పిల్లంటూ ఉండాలి కదండీ!"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆమెకు తెలీదా? తెలుసు. ఇన్నాళ్ళూ మెట్ల మీద ఏ బూట్ల చప్పుడుకు వణికిందో ఆ బూట్ల దగ్గరకే నడిచి వెళ్ళింది. వాళ్ళలో పెద్దావిడ, తెల్లజుట్టు ఆఫీసరమ్మ, ఆరెంజ్ చొక్కా మీద ఏదో బిళ్ళ. కంగారమ్మ ఆవిడ ముందు నిలబడి, వచ్చీరాని ఆ భాషలోనే చెప్పింది. కాలాలు తప్పాయి, మాటలు కలవలేదు. నా పిల్ల తినదు. నేను చెడ్డ మాట చెప్పాను. మీ చొక్కా చూపించి చెప్పాను. తినకపోతే మీరు తీసుకుపోతారని చెప్పాను. రోజూ చెప్పాను. మీరంటే భయం. అందుకే రాదు. దయచేసి చొక్కాలు తీసేయండి. తర్వాత నన్ను ఏమైనా చేసుకోండి.

ఆఫీసరమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో కంగారమ్మకు అర్థం కాలేదు. కోపమో, జాలో, రేపు రాసుకోబోయే మాటో. ఆవిడ స్వెట్టరు మీది చొక్కా జిప్పు లాగి, తీసి, మడిచి నేల మీద పెట్టింది. వాకీటాకీలో రెండు ముక్కలు చెప్పింది. గట్టు పొడుగునా ఒక్కొక్కరే చొక్కాలు విప్పారు. ఆ చలిలో కుర్ర గార్డు లోపలి బనియనుతో నిలబడ్డాడు. మైకు ఆగిపోయింది. అంత జనంలోనూ ఒక్కసారిగా నీళ్ళ చప్పుడు వినబడింది.

కంగారమ్మ బెంచీ దగ్గరకు వచ్చి గొంతు సవరించుకుంది. ఏడుపు గొంతుతో పిలిస్తే నమ్మదు దాని బుర్ర. ఇంట్లో మంచం పక్కన కూర్చుని ఎలా అంటుందో అలాగే అంది.

"మామయ్య వెళ్ళిపోయాడు, రా తల్లీ."

ఏమీ కదల్లేదు. రెండడుగులు వేసి మళ్ళీ అంది. చెట్టు దగ్గర అంది. టికెట్ల గది వెనక అంది. నిదానం ఆమె వెనకే, ఊపిరి బిగబట్టి. మడత కుర్చీల గుట్ట దగ్గరకు వచ్చి మళ్ళీ అంది. "మామయ్య వెళ్ళిపోయాడమ్మా. ఇంకెప్పుడూ రాడు. ఒట్టు. అమ్మ అబద్ధం చెప్పింది."

టార్పాలిన్ అంచు కాస్త లేచింది.

లోపల, కుర్చీల కాళ్ళ సందున, కొత్త గౌనంతా దుమ్ముతో, పిచ్చుక ముడుచుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు డబ్బా. రెండు బుగ్గలూ ఉబ్బిపోయి ఉన్నాయి. ముక్కు మీద, జుట్టులో, మెడ మీద మెతుకులు. నమలడానికి చోటు లేక కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అయినా నమిలింది. మింగింది. ఇంకోసారి మింగింది. డబ్బా వంచి చూపించింది. అడుగు కనబడుతోంది. అంత అన్నం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తినలేదు.

కంగారమ్మ చేతులు చాపింది. వెనక ఆఫీసరమ్మ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది, పిల్లకు భయం కలగనంత దూరంలో. పిచ్చుక ఆవిడను చూసింది, ఆవిడ వెనక చొక్కాల్లేని మనుషులను చూసింది, తల్లిని చూసింది. బిగించిన గుప్పిలి ఒకటి గౌను మడతలోంచి పైకి తీసి విప్పింది. అరచేతిలో నలిగి, దుమ్ము అంటిన ఒక్క ముద్ద ఉంది. దాన్ని తల్లి నోటి దగ్గర పెట్టింది.

"నువ్వూ తిను అమ్మా. దా, తొందరగా. లేపోతే నిన్నూ పత్తుకుపోతాలు."

ఏమంటోంది అని ఆఫీసరమ్మ అడిగింది. నిదానం మొహం తిప్పేసుకున్నాడు. కంగారమ్మ నోరు తెరిచి, ఆ ముద్ద తీసుకుని, అందరూ చూస్తుండగా నమిలి మింగింది.